పబ్‌మెడ్‌లో సవర తల్లుల మాట దొరకట్లేదు. క్వాలిటేటివ్ పేపర్లు మీరెలా వెతుకుతున్నారు?

వంశధార గట్టు (గుణుపురం):

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. పన్నెండేళ్లు నర్సుగా చేశాక ఇప్పుడు పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌లో చేరాను. థీసిస్‌కి తీసుకున్న విషయం ఇది: కొండ ఊళ్ల ఆదివాసీ తల్లులు ఆసుపత్రి కాన్పుకి ఎందుకు వస్తున్నారు, ఎందుకు రావట్లేదు, వచ్చినవాళ్లకి అక్కడ ఏం ఎదురైంది. కొత్తగా ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యను. ఇప్పటికే అచ్చయిన క్వాలిటేటివ్ స్టడీలు (అంకెలు కాక మనుషుల మాటలు, అనుభవాలు రాసినవి) ఒక పద్ధతి ప్రకారం వెతికి, పోగేసి సిస్టమాటిక్ రివ్యూ రాయాలి. గడువు ఆర్నెల్లు.

ఈ విషయమే ఎందుకంటే, నేను లేబర్ రూములో ఉండగా ఒక సవర తెగ అమ్మాయి రెండో కాన్పుకి వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది. మాయ పడ్డాక దాన్ని అలవాటు ప్రకారం ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేశాను. ఆ అమ్మాయి లేవలేని మనిషి, మోచేతి మీద లేచి నా వైపు చెయ్యి చాపింది. ఏదో అంటోంది. ఆమె భాష డ్యూటీలో ఉన్న ఒక్కళ్లకీ రాదు. నీళ్లు అడుగుతోందనుకుని నీళ్లిచ్చాను. గ్లాసు పక్కకి నెట్టేసింది. బయట కూర్చున్న అత్తగారు లోపలికి వచ్చి ఒడియాలో చెప్తే అప్పుడు తెలిసింది, మాయ ఇంటి దగ్గర పాతిపెట్టుకోవాలట. ఆ పాటికి సంచి వెళ్లిపోయింది. మూడో కాన్పు ఇంట్లోనే అయిందని తర్వాత ఆశా చెప్పింది. రిజిస్టరులో కారణం గడిలో రాసింది ‘సంప్రదాయం’ అని ఒక్క మాట.

ఇలాంటివి పరిశోధకులు తల్లులనే అడిగి రాసిన పేపర్లు ఉంటాయి కదా, అవి కావాలి నాకు. గైడు గారు ప్రశ్నని నాలుగు గడులుగా విడదీసే పైకో పట్టిక ఇచ్చారు. ఎవరు, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం. పోల్చేదేమీ లేదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశాను. మిగతా మూడూ, దాంతో పాటు ‘క్వాలిటేటివ్’ అన్న మాటా కలిపి పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే డేటాబేస్) కొడితే తొమ్మిది వచ్చాయి. వాటిలో ఆరు సర్వేలు. ‘క్వాలిటేటివ్’ తీసేస్తే వేలల్లో వస్తున్నాయి. అన్నిటికంటే బాధేమిటంటే, ఈ విషయం మీదే నేను ఎప్పుడో ప్రింటు తీసి దాచుకున్న ఒక పేపరు ఉంది. నా వెతుకులాటలో అది రానే లేదు. చేతిలో ఉన్నదే రాకపోతే, చేతిలో లేనివి ఎన్ని పోతున్నట్టు? రాత్రి పిల్లలిద్దరూ పడుకున్నాక కూర్చుంటున్నాను, మూడు వారాలైంది. దారి తెలిసినవాళ్లు చెప్పండి.

పలాస పాసింజర్ (కమ్యూనిటీ మెడిసిన్ పీజీ, కాశీబుగ్గ):

అక్కా, మీ ప్రశ్నకి పైకో సరిపోదు. అది మందు పనిచేసిందా లేదా అని అడిగేవాళ్ల కోసం పుట్టింది. క్వాలిటేటివ్‌కి స్పైడర్ అని 2012లో కుక్, స్మిత్, బూత్ ప్రతిపాదించారు. ఎవరి దగ్గర వినాలి, ఏ అనుభవం గురించి, ఇంటర్వ్యూనా గ్రూప్ డిస్కషనా, ఏం తెలుసుకోవాలని, ఏ రకం పరిశోధన. పోలిక గడి ఉండదు. మీ ప్రశ్న అందులో చక్కగా కూర్చుంటుంది.

ఫిల్టరుకి మెష్‌లో (పబ్‌మెడ్‌లో పేపర్లకి తగిలించే విషయ హెడింగుల జాబితా) ‘క్వాలిటేటివ్ రీసెర్చ్’ అన్న హెడింగ్ ఉంది, అది తగిలించండి. కాలేజీలో సినాల్ అనే నర్సింగ్ డేటాబేస్ ఉంటే అందులో ‘క్వాలిటేటివ్ స్టడీస్’ హెడింగ్ ఇంకా బాగా పనిచేస్తుంది, నర్సింగ్ పేపర్లు అక్కడే ఎక్కువ. మీ పని వారంలో తేలిపోతుంది.

పాత బీరువా (బరంపురం):

అమ్మా, నేను ముప్ఫై ఒక్క ఏళ్లు లైబ్రరీలో చేసి రిటైరయ్యాను. పుట్టింది పర్లాకిమిడి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ రిజిస్టరు గడిలో ‘సంప్రదాయం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ వెతుకులాటకి వచ్చిన ఇబ్బంది కూడా అదే. జరిగింది ఒకటి, దాని మీద అంటించిన చీటీ ఇంకొకటి. మనం చీటీ పట్టుకుని వెతుకుతాం.

ముందు డాక్టరు బాబు చెప్పినదాని గురించి. స్పైడర్ మంచిదే. ప్రశ్నని కాగితం మీద విడదీసుకోవడానికి వాడండి. కానీ ఆ అయిదు గడుల్నీ ‘యాండ్’తో (అన్నీ ఉన్న పేపరే చూపించు అని) కట్టి డేటాబేస్‌లో వెయ్యకండి. 2014లో మెథ్లీ అనే ఆమె, తోటివాళ్లూ కలిసి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల అనుభవాల మీద ఒకే ప్రశ్నని పైకోతోనూ స్పైడర్‌తోనూ వెతికి పోల్చారు. స్పైడర్‌తో చెత్త తక్కువ వచ్చింది, కావలసినవీ కొన్ని జారిపోయాయి. గడి పెరిగిన కొద్దీ వడకట్టు బిగుసుకుంటుంది. మీకు తొమ్మిదే ఎందుకొచ్చాయో దీంతోనే తెలుస్తుంది. మీకు రెండు గడులు చాలు, మహా అయితే మూడు. ఎవరు, దేని గురించి, ఆ పైన క్వాలిటేటివ్ అని తెలిపే మాటల గుంపు ఒకటి.

ఆ గుంపులోకి ‘క్వాలిటేటివ్’ ఒక్కటే చాలదు. మెష్ హెడింగ్ 2003లో వచ్చింది. అంతకు ముందు పేపర్లకి ఆ చీటీ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. తర్వాత వచ్చినవాటిలోనూ అన్నిటికీ ఉండదు. 2004లో షా, మరికొందరు తల్లిపాల విషయంలో తల్లులకి దొరికే సాయం మీద క్వాలిటేటివ్ పేపర్ల కోసం మూడు రకాలుగా వెతికి చూశారు. హెడింగులతో ఒకసారి, రచయితలు వాడే రకరకాల మాటలతో ఒకసారి, బాగా విశాలమైన రెండు మూడు మాటలతో ఒకసారి. మొత్తం 7,420 వస్తే పనికొచ్చేలా కనిపించినవి 262. అంటే వందకి తొంభై ఆరు పక్కన పెట్టాల్సినవే. అయినా ఏ ఒక్క పద్ధతినో నమ్ముకుని ఉంటే కొన్ని పోయేవి. ఆ విశాలమైన మాటలు ఇవి: ‘క్వాలిటేటివ్’, ‘ఫైండింగ్స్’, ‘ఇంటర్వ్యూ’. చివర నక్షత్రం గుర్తు పెట్టి ‘ఇంటర్వ్యూ*’ అని కొడితే ఇంటర్వ్యూడ్, ఇంటర్వ్యూయింగ్ కూడా వస్తాయి. దానికి ‘ఫోకస్ గ్రూప్’, ‘ఎథ్నోగ్రఫీ’, ‘పర్సెప్షన్’, ‘ఎక్స్‌పీరియన్స్’ కలుపుకోండి. వేలల్లో వస్తే భయపడకండి. శీర్షిక చూసి తీసేయడానికి ఒక్కో పేపరుకి కొన్ని సెకన్లు. రోజుకి రెండొందలు చొప్పున చేసినా నెలలో తేలుతుంది. రెండు వేలకి భయపడి తొమ్మిదితో సరిపెట్టుకోకండి తల్లీ.

కాన్పుకి ‘డెలివరీ’ అని కొట్టారా? అలా కొడితే డ్రగ్ డెలివరీ, హెల్త్‌కేర్ డెలివరీ అన్నీ దిగుతాయి. ‘చైల్డ్‌బర్త్’, ‘ఇన్‌స్టిట్యూషనల్ డెలివరీ’, ‘హోమ్ బర్త్’, ‘మెటర్నల్ కేర్’, ‘ట్రెడిషనల్ బర్త్ అటెండెంట్’, మనవైపు ‘దాయీ’ అని కూడా వేసి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి, పేర్లు. మనం సవర అంటాం. ఇంగ్లీషులో ఒకరు సావొరా అని, ఒకరు సోరా అని, ఒకరు సవారా అని, ఒకరు సౌరా అని రాస్తారు. కొండ శిఖరాల వైపు వాళ్లని లాంజియా సావొరా అంటారు. ఉత్త ‘సోరా’ అని కొడితే అమెరికాలో ఆ పేరున్న నీటికోడి కూడా వస్తుంది, కాబట్టి ఇండియా అనో ఒడిశా అనో దాని పక్కన కట్టాలి. కోందు తెగవాళ్ల సంగతి ఇంకా ఎక్కువ. ఖోండ్, కోంధ్, కంధ, కంధా, డోంగ్రియా, కుయి, కువి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే కూర్చుని సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. ఆయన రాసిన ఇంగ్లీషు స్పెల్లింగుకీ ఇప్పటి పేపర్ల స్పెల్లింగుకీ కూడా పోలిక కుదరదు. ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి తెగకీ ఒక పేజీ కేటాయించి, కంటబడిన ప్రతి స్పెల్లింగూ రాసుకుంటూ పోండి. నేను అలాగే చేసేవాణ్ణి.

ఊళ్ల పేర్లూ అంతే. రాష్ట్రం పేరు 2011 దాకా ఒరిస్సా, కాబట్టి రెండూ వెయ్యాలి. మీ రాయగడ జిల్లా 1992 అక్టోబరు 2న పుట్టింది. అంతకు ముందు మీ గుణుపురం కోరాపుట్ జిల్లాలోది. మా పర్లాకిమిడి గజపతి జిల్లాలోకి వచ్చింది కూడా అదే రోజు, అంతకు ముందు గంజాం. 1980లలో మీ ఊరి వెనక కొండ మీద ఎవరైనా పని చేసి ఉంటే పేపర్లో కోరాపుట్ అనే ఉంటుంది. ఇంకా వెనక్కి, 1936 ఏప్రిల్ 1కి ముందైతే విశాఖపట్నం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. అటు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు సవరలూ ఈ మనుషులే కదా, గీత మధ్యలో పడింది. ఆంధ్రా పేర్లూ కలపండి. కొందరు రచయితలు జిల్లా పేరు దాచిపెట్టి ‘దక్షిణ ఒడిశాలో ఒక ఆదివాసీ జిల్లా’ అని వదిలేస్తారు. వాళ్ల కోసం ‘ట్రైబల్’, ‘ఆదివాసీ’, ‘ఇండిజినస్’, ‘షెడ్యూల్డ్ ట్రైబ్’ ఉండాలి.

మీ దగ్గరున్న ఆ పేపరు రాలేదన్నారు. దాన్ని పారేసుకున్న తాళంచెవిలా చూడకండి, దాంతోనే తాళం తెరుచుకుంటుంది. ముందు పెట్టుకుని శీర్షిక, ఆబ్‌స్ట్రాక్టు (మొదట్లో ఉండే సారాంశం), కింద కీవర్డులు మాట మాటా చదవండి. మీరు కొట్టినవాటిలో ఏ మాట అందులో లేదో చూడండి. ఈ రకం పేపర్లకి శీర్షికగా తరచూ ఒక తల్లి నోటి మాటే ఉంటుంది, కొటేషన్లలో. అందులో కాన్పూ ఉండదు, ఆసుపత్రీ ఉండదు. అలాంటివి ఓ ఏడెనిమిది తెలిసినవి చేర్చుకుని, మీ సెర్చ్ వాటన్నిటినీ పట్టుకొచ్చేదాకా మాటలు మారుస్తూ ఉండండి. ఎప్పుడు ఆపాలో తెలియడానికి అదొక్కటే నాకు తెలిసిన కొలత.

డేటాబేస్ అయ్యాక సగం పనే అయినట్టు. 2005లో గ్రీన్‌హాల్, పీకాక్ అనే ఇద్దరు తమ పెద్ద రివ్యూ ఒకదానికి 495 మూలాలు ఎక్కణ్ణుంచి దొరికాయో లెక్క వేశారు. ముందుగా ప్లాన్ చేసుకున్న వెతుకులాటతో వచ్చినవి 30 శాతం. ఒక పేపరు వెనకున్న రిఫరెన్సులు పట్టుకుని, దాన్ని ఎవరు ఉదహరించారో పట్టుకుని వెళ్తే దొరికినవి 51 శాతం. తెలిసినవాళ్లని అడిగితేనూ తమకే ముందు తెలిసీ దొరికినవి 24 శాతం (కొన్ని రెండు దారుల్లోనూ దొరికాయి, అందుకే కలిపితే వంద దాటుతుంది). మీ ఒక్క పేపరునే గూగుల్ స్కాలర్‌లో పెట్టి ‘సైటెడ్ బై’ నొక్కి చూడండి, ఇవాళే.

ఇంకొకటి. పెద్ద ట్రయల్ (ఒక పద్ధతి పనిచేస్తుందా అని పరీక్షించి చూసే స్టడీ) కనిపిస్తే ‘ఇది అంకెల పేపరు’ అని పక్కన పడేయకండి, దాని తోబుట్టువుల్ని వెతకండి. ఏక్‌జుట్ అనే సంస్థ వాళ్లు ఝార్ఖండ్‌లో రెండు జిల్లాలు, మన ఒడిశాలో కెంఝర్ జిల్లా కలిపి ఆడవాళ్ల గ్రూపు మీటింగుల ట్రయల్ చేశారు. ఫలితం 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ మీటింగులు ఎందుకు పనిచేశాయో ఆడవాళ్ల మాటల్లో చెప్పిన పేపరు అదే ఏడు వేరే పత్రికలో వచ్చింది. మొదటిది పట్టుకున్నవాళ్లకే రెండోది తెలుస్తుంది.

పబ్‌మెడ్‌లో లేనివి చాలా ఉన్నాయి. ఆంత్రపాలజీ వాళ్లు (మనుషుల ఆచారాలు, బతుకు తీరు చదివేవాళ్లు) డాక్టర్ల పత్రికల్లో రాయరు. ‘మ్యాన్ ఇన్ ఇండియా’ 1921 నుంచి వస్తోంది. భువనేశ్వర్‌లో షెడ్యూల్డ్ కులాలు, తెగల పరిశోధనా సంస్థ వాళ్ల ‘ఆదివాసి’ పత్రిక ఉంది. ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ ఉంది. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లకి శోధ్‌గంగ అనే సైటు ఉంది, ఉత్కళ్, సంబల్‌పూర్, ఆంధ్రా విశ్వవిద్యాలయాల ఆంత్రపాలజీ వాళ్లవి చూడండి. వాటిలో కొన్ని స్కాన్ చేసిన పేజీలు, లోపలి మాట వెతికితే దొరకదు. విషయసూచిక తెరిచి ‘పుట్టుక’ అన్న అధ్యాయం ఉందేమో కళ్లతో చూడాల్సిందే. మీరు అడిగే మాయ సంగతి నూటికి తొంభై అక్కడే ఉంటుందని నా నమ్మకం.

చేసింది చేసినట్టు రాసుకోండి. ఏ తారీఖున, ఎక్కడ, ఏ మాటలతో, ఎన్ని వచ్చాయి. తర్వాత రాద్దామనుకుంటే గుర్తుండదు. రివ్యూ చివర ఎలా చూపించాలో ఎంట్రెక్ అని 2012లో వచ్చిన 21 అంశాల పట్టిక ఉంది, అది ముందే పక్కన పెట్టుకోండి.

పలాస పాసింజర్:

మాస్టారూ, పేర్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను. ఇంత వెతకడం అవసరమా? మందుల రివ్యూలో ఒక ట్రయల్ వదిలేస్తే లెక్క మారిపోతుంది, నిజమే. ఇక్కడ లెక్క లేదు. ‘దారి దూరం, డబ్బులు లేవు, నర్సు కసిరింది’ అని పది పేపర్లు చెప్పాక పదకొండోది అదే చెప్తే కొత్తగా తెలిసేదేముంది? అన్నీ పట్టుకోనక్కర్లేదు, రకరకాలవి ఉంటే చాలు, ఉద్దేశంతో ఎంచుకోవచ్చు అని ఈ రంగంలో పెద్దవాళ్లే రాశారు. అక్కకి ఇద్దరు పిల్లలు, చదువు, ఆర్నెల్ల గడువు.

పాత బీరువా:

బాబూ, మీరన్నది తప్పు కాదు. మెటా ఎథ్నోగ్రఫీ (స్టడీల అర్థాలని ఒకదానితో ఒకటి కలిపి చదివే పద్ధతి) లాంటిదైతే తక్కువ పేపర్లు తీసుకుని లోతుగా చదవడమే మేలు. కానీ ఎంచుకోవడం వేరు, దొరికినంతలో సరిపెట్టుకోవడం వేరు. ఎంచుకోవాలంటే ఏమేం ఉన్నాయో ముందు తెలియాలి. తేలిగ్గా దొరికే పది పేపర్లు ఎవరివి? ఇంగ్లీషు పత్రికలవి, రోడ్డు పక్క ఊళ్లవి, దుబాసీని పెట్టుకుని ఒడియాలో అడిగినవి. అవి పదీ ఒకే మాట చెప్పాయంటే తల్లులందరూ అదే అన్నారనుకోవాలా, అందరూ అక్కడికే వెళ్లి అడిగారనుకోవాలా? పదకొండోది సవర భాషలో అడిగిన పేపరైతే ‘మాయ ఇవ్వలేదు’ అని ఉంటుంది. అది ఒక్కటైనా ఈ అమ్మాయి రివ్యూ మారిపోతుంది.

వెతకడం వెడల్పుగా, ఎంచుకోవడం ఇరుకుగా. గడువు తక్కువైతే కోత ఎంచుకునే దగ్గర పెట్టండి.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా):

మాది మహారాష్ట్ర వైపు, గోదావరి దాటితే కాళేశ్వరం. ఇక్కడా ఇదే కథ. మాడియా గోండుల్ని ఒకరు మాడియా అని, ఒకరు మరియా అని, ఒకరు గోండ్ అని, ఒకరు కోయితుర్ అని రాస్తారు. గడ్చిరోలి కూడా 1982 దాకా చంద్రపూర్ జిల్లాలోదే, కాబట్టి పాత పేపర్లలో చంద్రపూర్ అని వెతకాలి, చాందా అని కూడా. మా దగ్గర సంస్థల రిపోర్టులు చాలా మరాఠీలోనే ఉంటాయి, ఏ డేటాబేస్‌లోనూ ఉండవు. నేను ఆశాల మీద పని చేసినప్పుడు ఆఫీసులకి వెళ్లి అడిగి తెచ్చుకున్నాను.

అక్కా, ఒక నమూనా కావాలంటే వైద్య రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2013లో డాక్టరు, నర్సు చదువు లేని ఆరోగ్య కార్యకర్తల మీద చేసిన క్వాలిటేటివ్ రివ్యూ చూడండి. కాక్రేన్‌లో ఆ రకం రివ్యూ అదే మొదటిది, 53 స్టడీలు తీసుకున్నారు. చివర అనుబంధంలో ఏ డేటాబేస్‌లో ఏ మాటలు కొట్టారో వరస వరసా ఉంటుంది. నేను దాన్నే ముందు పెట్టుకుని మాటలు మార్చుకున్నాను.

వంశధార గట్టు:

మాస్టారూ, అందరికీ దండం. పది రోజులు పట్టింది, ఇప్పుడు చెప్తున్నాను.

ఆ పేపరు ఎందుకు రాలేదో దొరికింది. మీరన్నట్టే శీర్షిక ఒక తల్లి మాట. లోపల ‘సౌరా’ అని ఉంది, నేను కొట్టింది ‘సవర’. ‘డెలివరీ’ ఎక్కడా లేదు, ‘గివింగ్ బర్త్’ అని ఉంది. ‘క్వాలిటేటివ్’ కూడా లేదు! ‘ఆడవాళ్లతో మాట్లాడాం’ అని మామూలు ఇంగ్లీషులో రాశారు. నేను పెట్టిన ఈ మూడు మాటల్లో ఒక్కటీ అందులో లేదు. నోటుబుక్కు పెట్టాను. సవరలకి ఇప్పటికి ఏడు స్పెల్లింగులు, కోందులకి పదకొండు.

గుంపు మార్చి కొడితే 1,900 పైన వచ్చాయి. రాత్రికి రెండొందలు చూస్తున్నాను, సగం దాటింది, ముప్ఫై నాలుగు పక్కన పెట్టాను. వాటిలో నాలుగు సర్వేలే, కానీ చివర్లో తల్లులతో మాట్లాడిన భాగం ఒక పేజీ ఉంది. ఆబ్‌స్ట్రాక్టులో దాని ఊసే లేదు. అవి తీసుకోవచ్చా అని గైడు గారిని అడిగాను, తల్లుల మాటలు విడిగా ఉంటే తీసుకోమన్నారు. ఖాళీగా వదిలేసిన పోలిక గడిని కూడా ఆవిడే కొట్టేశారు.

శోధ్‌గంగలో ఒక థీసిస్ తెరిచాను. స్కాన్ పేజీలే. విషయసూచికలో పుట్టుక మీద అధ్యాయం ఉంది. మాయ గురించి మూడు పేరాలు. ఎవరు తీసుకెళ్లాలి, ఇంట్లో ఏ చోట పాతాలి, అలా చెయ్యకపోతే బిడ్డకి ఏమవుతుందని భయపడతారు, అన్నీ ఉన్నాయి. ఫోను పక్కన పెట్టేసి కాసేపు కూర్చున్నాను. ఆ అమ్మాయి చాపిన చెయ్యి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

వచ్చే మంగళవారం భువనేశ్వర్ వెళ్తున్నాను, ‘ఆదివాసి’ పాత సంచికలు చూడటానికి. అక్కడ జిరాక్సు ఇస్తారా, లేక చేత్తో రాసుకోవాలా? కాలేజీ నుంచి లెటర్ ఏమైనా కావాలా? ఇటీవల వెళ్లినవాళ్లెవరైనా ఉంటే సోమవారం లోపు చెప్పండి.